నాలా కొలత నుంచి వార్డు తీర్మానం దాకా: కాలనీలు, యూనివర్సిటీలు కలిసి పనిచేసే పద్ధతి

2020 ఆగస్టులో, 2023 జులైలో, మళ్లీ 2025 అక్టోబరు చివర మొంథా తుపానుకు హనుమకొండ, వరంగల్ కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. ఇట్లా వచ్చినప్పుడల్లా కట్టలు కట్టలుగా వినతిపత్రాలు పోతాయి. "మా కాలనీ మునుగుతున్నది, తగు చర్యలు తీసుకోగలరు" అని రాసి, కింద నలభై సంతకాలు పెడతారు. ఆ కాగితం అందుకున్న ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) దాంతో చేయగలిగేది ఏమీ లేదు. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఎంత వెడల్పు, ఎవరి శాఖ, ఏ పద్దు అనేవి అందులో ఉండవు.

మరోవైపు ఇదే ఊళ్లో ఎన్‌ఐటీ ఉంది, కాకతీయ యూనివర్సిటీ ఉంది. అక్కడి ప్రాజెక్టు రిపోర్టుల్లో కొలతలు ఉంటాయి గానీ వాటిని పట్టుకొని అడిగే మనిషి ఉండడు. ఆ కొలతనూ ఈ అడిగే మనిషినీ ఒకే కాగితం మీదికి తెచ్చి, దాన్ని వార్డు తీర్మానంగా మార్చే పద్ధతి ఇది. ఉదాహరణకు నాలా (వాననీటి కాలువ) ముంపును తీసుకున్నాం. బోరునీళ్లు, డంపింగ్ యార్డు, బస్సు రూటు వంటి ఏ సమస్యకైనా వరుస ఇదే.

ఎవరి చేతిలో ఏముందో ముందు తేల్చుకోవాలి

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది. 12వ షెడ్యూలులో 18 అంశాలు పెట్టి, వీటిని పట్టణ సంస్థలకు ఇవ్వవచ్చని రాష్ట్రాలకు చెప్పింది. ఆ "వచ్చు" అన్న మాట దగ్గరే కథంతా ఆగింది. షెడ్యూలులో మొదటి అంశం పట్టణ ప్రణాళిక. వరంగల్‌లో మాస్టర్ ప్లాన్ పని కార్పొరేషన్‌ది కాదు, కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ కుడాది. అందుకే కార్పొరేటర్‌ను నిలదీసే ముందు ఆయన చేతిలో నిజంగా ఏముందో చూసుకోవాలి.

నాలా విషయంలో పంపకం దాదాపు ఇట్లా ఉంటుంది. నగరం లోపలి నాలా, మోరీ, కల్వర్టు కార్పొరేషన్ ఇంజినీరింగ్ విభాగానివి. చెరువు కట్ట, తూము, మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లే చోటు) నీటిపారుదల శాఖవి. నక్షా, సర్వే నంబరు, శిఖం (చెరువు ముంపు భూమి) హద్దు తహసీల్దారువి. కొత్త లేఅవుట్‌కు అనుమతి ఎవరిచ్చారో తెలియాలంటే కుడా ఫైలు చూడాలి. నాలా మీద పెద్దరోడ్డు వంతెన ఉంటే ఆర్అండ్‌బీనో, జాతీయ రహదారుల విభాగమో వస్తుంది.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. 2016లో పాత జిల్లాను ముక్కలు చేశారు. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండగా, వరంగల్ రూరల్ వరంగల్‌గా పేర్లు మారాయి, హద్దులూ మారాయి. దాంతో ఒకే కార్పొరేషన్ పరిధి ఇద్దరు కలెక్టర్ల కింద ఉంది. నీళ్లకు జిల్లా హద్దు తెలియదు, ఫైలుకు మాత్రం బాగా తెలుసు. నాలా రెండు జిల్లాల్లో పారితే ప్రజావాణిలో అర్జీని సోమవారం రెండు కలెక్టరేట్లలోనూ ఇచ్చి, రెండు రశీదులూ దాచుకోండి. ఒక దాంట్లో ఇంకోదాని నంబరు రాయండి. లేకపోతే ఇది మా పరిధి కాదన్న జవాబు రావడానికే నెల పడుతుంది.

ఒక పెద్ద కాగితం మీద నాలాను పైనుంచి కిందికి గీసి, ఒక్కో ముక్క పక్కన శాఖ పేరు, ఏఈ హోదా రాయండి. పూటలో అయిపోయే పనే. ఇది చేయకుండా ఇంకేదీ మొదలుపెట్టొద్దు.

గల్లీకి ఒకరు, కిరాయిదారులతో సహా

పదీపన్నెండు ఇళ్లకు ఒక మనిషి చొప్పున బాధ్యత పంచండి. నూటయాభై ఇళ్ల కాలనీకి పన్నెండు, పదమూడు మంది సరిపోతారు. మామూలుగా కాలనీ సంఘమంటే సొంతిళ్లున్న మగవాళ్లు, అందులోనూ రిటైరైనవాళ్లు. నీళ్లొచ్చినప్పుడు కింది పోర్షన్‌లో బియ్యం తడిసిపోయేది కిరాయిదారులవి. వాళ్లు లేని కమిటీకి ముంపు ఎంత లోతో కూడా సరిగా తెలియదు. మహిళా సంఘాలను మొదటి రోజే పిలవండి. నగరంలో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద ఉన్న సంఘాలకు నెలనెలా కూర్చునే అలవాటు, మినిట్స్ రాసే అలవాటు ఉన్నాయి. కొత్తగా నేర్పాల్సిన పని లేదు.

సంఘాన్ని రిజిస్టర్ చేయాలా అని చాలామంది అడుగుతారు. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం ఏడుగురు ఉంటే చాలు. పైసలు వసూలు చేసేట్లయితే చేయించండి, లేకపోతే దానికోసం ఆగొద్దు.

మొదటి కూర్చోవడంలోనే తేల్చుకోవాల్సిన మాట ఒకటుంది: ఆక్రమణలు. నాలా ఒడ్డున రేకుల ఇల్లు వేసుకున్న కూలీ ఉంటాడు, స్లాబు పోసి నాలాను సగం మింగిన పెద్ద భవనమూ ఉంటుంది. రెంటినీ "కబ్జా" అని ఒకే గాటన కడితే ముందు కూలేది రేకుల ఇల్లే. కాబట్టి రిపోర్టులో పేర్లు రాయొద్దు. ఏ చోట ఎన్ని మీటర్లు తగ్గిందో మాత్రం రాయండి. నివాసం కోల్పోయేవారికి ముందు ఇల్లు చూపాలన్న షరతును మీ డిమాండ్లలోనే పెట్టండి. ఇది వదిలేస్తే సర్వే మొదలైన వారానికే కాలనీ రెండు వర్గాలవుతుంది.

యూనివర్సిటీ తలుపు ఎట్లా తట్టాలి

వైస్‌ఛాన్సలర్‌కు లెటర్ ఇచ్చి ఫొటో దిగితే పని కాదు. విభాగానికి పోవాలి. నీటి ప్రవాహం, లెవెల్స్ కావాలంటే ఎన్‌ఐటీ సివిల్ విభాగం. ఇంటింటి సర్వేకు కాకతీయలో సోషియాలజీ, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్. చట్టం, ఫైళ్ల దారి తెలియాలంటే పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్. మనుషుల సాయం కావాలంటే డిగ్రీ కాలేజీల ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్లు. వలంటీరు ఏడాదికి 120 గంటలు సేవ చేయాలి, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటుంది. ఆ శిబిరాన్ని చెట్లు నాటి ఫొటోలు దిగడంతో ముగించకుండా మీ కాలనీ కొలతకు వాడుకోవచ్చు.

ఒకటిన్నర పేజీ ఒప్పందం రాసుకోండి. అందులో ఉండాల్సినవి: బాధ్యత తీసుకునే అధ్యాపకుడి హోదా, సంతకం, ఏ కొలతలు ఏ తేదీలోపు, ముడి లెక్కల కాపీ కాలనీకి ఇవ్వాలని, పత్రికలోనో జర్నల్‌లోనో వేసేముందు కాలనీకి చూపాలని, చివర రెండు పేజీల తెలుగు నివేదిక విభాగం ముద్రతో ఇవ్వాలని. ఆఖరిది మరిచిపోతే చేతికొచ్చేది ఎనభై పేజీల ఇంగ్లిష్ థీసిస్. కాకతీయ యూనివర్సిటీకి వైస్‌ఛాన్సలర్‌గా చేసిన ప్రొఫెసర్ జయశంకర్ నీళ్లు, నిధులు, నియామకాల లెక్కలను ఊరి మనిషికి అర్థమయ్యే మాటల్లో చెప్పారు. తెలంగాణ వాదానికి బలం ఆ లెక్కల నుంచి వచ్చింది. మీ నాలా లెక్క కూడా కాలనీలో ఎవరినడిగినా నోటికి రావాలి.

ఇక సెమిస్టర్ క్యాలెండర్. విద్యార్థులు పరీక్షలకు పోతే నెలన్నర కనబడరు, ఫైనలియర్ వాళ్లు మేలో వెళ్లిపోతారు. అందుకే ద్వితీయ, తృతీయ సంవత్సరం వాళ్లను కలిపి అడగండి. పని వరుస ఇట్లా పెట్టుకోండి: వానలు తగ్గిన అక్టోబరు, నవంబరుల్లో కొలతలు, డిసెంబరులో లెక్కలు, జనవరిలో నివేదిక, తీర్మానం. కార్పొరేషన్ బడ్జెట్ ఆర్థిక సంవత్సరం మొదలయ్యేలోపు తయారవుతుంది. ఫిబ్రవరి దాటాక పోతే వచ్చే ఏడాదికి చూద్దామంటారు.

కొలతలు

ముంపు గుర్తు: నీళ్లు తీసిన పది రోజుల్లోపే పట్టుకోవాలి. గోడ మీద బురద గీత సున్నం వేస్తే పోతుంది. గీత దగ్గర పెయింట్‌తో అడ్డగీత, తేదీ రాయించండి. రోడ్డు నుంచి ఎత్తు సెంటీమీటర్లలో నోట్ చేయండి. టేపు గోడకు ఆనించి, అంకెలు కనబడేట్టు ఫొటో తీయండి.

మట్టాలు: ఫోన్‌లో కనిపించే ఎత్తును నమ్మొద్దు, మీటర్లకు మీటర్లు తేడా చూపిస్తుంది. విద్యార్థులు ఆటో లెవెల్ (మట్టాలు కొలిచే సర్వే పరికరం) తెస్తే మంచిదే. లేకపోతే మేస్త్రీలు వాడే పారదర్శక లెవెల్ పైపు, 15 నుంచి 20 మీటర్లది, చాలు. ఒక కల్వర్టు గోడను స్థిరబిందువుగా పెట్టుకొని అక్కడి నుంచి ముంపు గుర్తుల మీదికి మట్టం తీసుకుపోవాలి. పైపులో బుడగ ఉంటే లెక్కంతా తప్పు. నీళ్లు పోశాక పైపును మొత్తం ఎత్తి తట్టి బుడగలు పోగొట్టాలి. చివరికి మళ్లీ మొదటి బిందువుకే వచ్చి చూడండి. తేడా రెండు సెంటీమీటర్లు దాటితే ఆ రోజు కొలత కొట్టేసి మళ్లీ చేయాలి.

నాలా అడ్డుకోత: ప్రతి 30 మీటర్లకు ఒకసారి, ప్రతి కల్వర్టు దగ్గర తప్పకుండా. పై వెడల్పు, అడుగు వెడల్పు, మూడు చోట్ల లోతు. ఇనుప చువ్వ గుచ్చి గట్టినేల తగిలేదాకా పూడిక ఎంతో చూడాలి. కల్వర్టు కింద అడ్డంగా పోయే మంచినీటి పైపులు, కేబుళ్లు ప్రత్యేకంగా రాయండి. చెత్త చిక్కేది అక్కడే. పైన నాలా ఎంత వెడల్పున్నా నీళ్లు ఆగేది ఆ పైపు దగ్గర.

ఇప్పుడు లెక్క. నాలాకు వచ్చే నీళ్లు సెకనుకు ఎన్ని ఘనపు మీటర్లో తేలాలంటే: నీళ్లు జారే గుణకం, గంటకు వాన మిల్లీమీటర్లలో, పరీవాహకం (నాలాలోకి నీళ్లు వచ్చే మొత్తం నేల) హెక్టార్లలో, ఈ మూడూ గుణించి 360తో భాగించాలి. సిమెంటు రోడ్లు, ఇళ్లు నిండిన కాలనీకి గుణకం 0.7 దగ్గర పెట్టుకోవచ్చు. పరీవాహకం 120 హెక్టార్లు, అంటే దాదాపు 300 ఎకరాలు. గంటకు 60 మిల్లీమీటర్ల వాన అనుకుంటే వచ్చే నీళ్లు సెకనుకు 14 ఘనపు మీటర్లు.

నాలా 3 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల లోతు, నీళ్ల వేగం సెకనుకు 1.5 మీటర్లు అనుకోండి. పోయేది 5.4 ఘనపు మీటర్లు. అడుగున 40 సెంటీమీటర్ల పూడిక ఉంటే 3.6 మాత్రమే. చూడండి, పూడికంతా తీసినా వచ్చే నీళ్లలో నలభై శాతం కూడా పోదు. "పూడిక తీస్తే సరిపోతుంది" అన్న ఏటేటి మాటకు జవాబు ఈ ఒక్క లెక్కలో ఉంది. 14 పోవాలంటే 5 మీటర్ల వెడల్పు, 1.9 మీటర్ల నీటి లోతు, పైన ఇంకో 30 సెంటీమీటర్ల ఖాళీ కావాలి. ఈ అంకెలు ఉదాహరణకే. వేగం వాలును బట్టి మారుతుంది, మీ గుణకాన్ని, వేగాన్ని అధ్యాపకుడే తేల్చి సంతకం పెట్టాలి. ఆ సంతకం కోసమే యూనివర్సిటీకి పోయింది.

పరీవాహకం గీయడంలో ఒక తప్పు తరచూ జరుగుతుంది: కాలనీ హద్దులనే పరీవాహకం అనుకోవడం. మనవి గొలుసుకట్టు చెరువులు, పైచెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లన్నీ కిందికే. గోపాల్‌పూర్ ఊరచెరువు నిండితే సమ్మయ్యనగర్‌కు భయం. 2023 జులైలో భద్రకాళి చెరువు కట్ట పోతననగర్ వైపు తెగినప్పుడు కింది కాలనీల్లో పడ్డ వాన ఎంతన్న లెక్కకు అర్థమే లేదు. కాబట్టి పైన ఏ చెరువు ఉందో, దాని మత్తడి ఎంత పొడవో, తూము పనిచేస్తుందో లేదో అదే నివేదికలో రాయాలి.

ఇంటింటి సర్వేకు పన్నెండు ప్రశ్నలు దాటొద్దు. ఒక విద్యార్థి, ఒక కాలనీ మనిషి జంటగా, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా, జంటకు పది ఇళ్లు. ఆధార్, ఫోన్ నంబరు అడగొద్దు. నష్టం రూపాయల్లో అడిగితే ఇంటికో తీరుగా చెప్తారు. ఏ వస్తువు పోయింది, ఎన్ని రోజులు పని పోయింది అని అడిగి ధర మీరే కట్టండి.

ఆర్టీఐ

కొలతలు నడుస్తుండగానే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. కార్పొరేషన్‌కు ఫీజు 10 రూపాయలు. మండల కార్యాలయానికి 5, గ్రామస్థాయిలో ఏమీ లేదు. గడువు 30 రోజులు. జవాబు రాకపోయినా, సరిగా లేకపోయినా 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోపు రెండో అప్పీలు.

"నాలాకు ఎందుకు నిధులివ్వలేదు?" అని అడిగితే జవాబు రాదు, చట్టం ఇచ్చేది కాగితాలను, కారణాలను కాదు. ఇవి అడగండి: ఫలానా కల్వర్టు నుంచి ఫలానా కల్వర్టు దాకా గత మూడేళ్ల పూడికతీత పనుల ఎస్టిమేట్, అగ్రిమెంటు, ఎంబీ (పని కొలతల పుస్తకం) రికార్డు ప్రతులు, ఆ సర్వే నంబర్ల రెవెన్యూ నక్షా ప్రతి, పైచెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటిమట్టం) మ్యాపు, మీ వార్డు కమిటీల సభ్యుల జాబితా, గత ఏడాది సమావేశాల మినిట్స్. చివరగా రికార్డు స్వయంగా చూసే అవకాశం కూడా కోరండి. ఫైలు పక్కన కూర్చుంటే ఇంకో ఫైలు సంగతి తెలుస్తుంది.

బఫర్ లెక్క: నిర్మాణ నిబంధనల్లో 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు వదలాలి.

తీర్మానం

తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలి: యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులు. ఒక్కోదాంట్లో 15 మంది, సగం మహిళలు. వరంగల్‌లోని 66 డివిజన్లకు (ఇక్కడ వార్డులను ఇట్లాగే పిలుస్తారు) ఇది వర్తిస్తుంది. కమిటీలో తమ పేరు ఉందని తెలియని సభ్యులూ ఉంటారు. అందుకే ఆర్టీఐలో జాబితా అడగమన్నది. పేర్లు దొరికాక ఇంటికి పోయి కలవండి.

తీర్మానం పాఠం మీరే రాసుకొని పోవాలి. ఇట్లా:

"ఈ డివిజన్‌లో ఫలానా కల్వర్టు నుంచి ఫలానా కల్వర్టు దాకా 420 మీటర్ల పొడవున నాలా సగటు వెడల్పు 3 మీటర్లు, లోతు 1.2 మీటర్లు, పూడిక 0.4 మీటర్లు ఉన్నది. జతచేసిన నివేదిక ప్రకారం 60 మి.మీ. వానకు సెకనుకు 14 ఘనపు మీటర్ల నీరు వస్తుండగా, పూడిక తీసినా 5.4 మాత్రమే పోగలదు. కావున ఒకటి, మే 15 లోపు 504 ఘనపు మీటర్ల పూడిక తీసి అదే రోజు తరలించాలని. రెండు, తహసీల్దారు, కార్పొరేషన్, నీటిపారుదల శాఖ ఉమ్మడి సర్వే చేసి హద్దురాళ్లు పాతాలని. మూడు, దిగువ నుంచి మొదలుపెట్టి 5 మీటర్లకు వెడల్పు చేసే పనికి ఎస్టిమేట్ తయారుచేసి వచ్చే బడ్జెట్‌లో చేర్చాలని. నాలుగు, నివాసం కోల్పోయే కుటుంబాలకు ముందు ప్రత్యామ్నాయం చూపాలని తీర్మానించడమైనది."

"దిగువ నుంచి" అన్న మాటను ఎవరేమన్నా తీయనీయొద్దు. పైన వెడల్పు చేసి కింద ఇరుకుగా వదిలితే మీ నీళ్లు తొందరగా పోయి కింది కాలనీని ముంచుతాయి. కింది డివిజన్ కార్పొరేటర్ అడ్డుపడితే తప్పు ఆయనది కాదు. వీలైతే ఎగువ, దిగువ డివిజన్లు రెండూ ఒకే పాఠంతో తీర్మానం చేయాలి. పాలకవర్గం గడువు తీరి ప్రత్యేకాధికారి ఉంటే అదే పాఠాన్ని కాలనీ సభ తీర్మానంగా రాసి, సంతకాలతో ఇన్‌వర్డ్ నంబరు వేయించుకొని ఇవ్వండి.

ఊళ్లలో, ఏజెన్సీలో

పంచాయతీరాజ్ చట్టం 2018 ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. ఓటర్ల సంఖ్యను బట్టి కోరం మారుతుంది. మీ ఊరికి ఎంతో కార్యదర్శిని ముందే అడిగి, ఆ లెక్కన జనాన్ని కదిలించండి. అంశం గ్రామ అభివృద్ధి ప్రణాళికలో ఎక్కి ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైట్‌లో కనబడాలి, లేకపోతే సభలో చప్పట్లతోనే పోతుంది. ప్రణాళికల ప్రచారం ఏటా అక్టోబరు 2 ప్రాంతంలో మొదలవుతుంది, కాబట్టి కొలతలు ఎండాకాలంలోనే కావాలి. చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరి సంతకం ఉండాలి. ఇద్దరికీ పడని ఊళ్లో ముందు చేయాల్సింది ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టడం. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా పంచాయతీలు ప్రత్యేకాధికారుల కింద నడిచాయి. ఆ కాలపు మినిట్స్ బుక్ అడిగి చూడండి, మీ పాత తీర్మానం ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. కాలేజీలను ఊళ్లతో కలిపే కేంద్ర పథకం ఉన్నత్ భారత్ అభియాన్ కింద కాలేజీ కనీసం ఐదు గ్రామాలు తీసుకుంటుంది. మీ ఊరు ఏ కాలేజీ జాబితాలోనైనా ఉందేమో కనుక్కోండి.

ములుగు, మహబూబాబాద్ షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1996 పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) వర్తిస్తుంది. అక్కడ సభ పంచాయతీకి కాదు, గూడేనికి. చిన్న నీటివనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీకే అప్పజెప్పాలని చట్టంలోనే ఉంది. సర్వే కాగితం తెలుగులో ఉన్నా అడిగేవాళ్లలో కోయ మాట్లాడే మనిషి ఒకరుండాలి. ములుగులో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది, అక్కడి విద్యార్థులను అడగడం నయం.

పని మంజూరయ్యాక

ఎస్టిమేట్ కాపీ తీసుకొని కల్వర్టు దగ్గర అతికించండి. 504 ఘనపు మీటర్ల పూడిక అంటే, ట్రాలీకి మూడు ఘనపు మీటర్ల లెక్కన, దాదాపు 168 ట్రాక్టర్ ట్రిప్పులు. గల్లీ బాధ్యులు వంతులవారీగా కూర్చొని ట్రిప్పులు లెక్కపెట్టి, ఏరోజుకారోజు రిజిస్టర్‌లో సంతకం చేయాలి. అరవై ట్రిప్పులు పోయి బిల్లు మొత్తానికి రాస్తే, ఎంబీలో కొలత ఎక్కకముందే రాతపూర్వకంగా చెప్పండి. ఎక్కాక దిద్దించడం చాలా కష్టం. తీసిన పూడికను ఒడ్డునే కుప్పపోసి "ఆరనీయండి" అంటారు. రెండు రోజులకు మించి ఒప్పుకోవద్దు, మొదటి వానకు అదంతా మళ్లీ నాలాలోకే.

జూన్‌లో మొదటి పెద్ద వాన రోజు ఇద్దరిద్దరు చొప్పున మూడు కల్వర్టుల దగ్గర, ఒడ్డు మీద, గోడకు పెయింట్ చేసిన స్కేలు చూస్తూ పావుగంటకోసారి నీటిమట్టం రాయాలి. నాలాలోకి దిగొద్దు, పిల్లలను తేవొద్దు. ఆ అంకెలు అదే రాత్రి అధ్యాపకుడికి పంపండి. 1.5 అనుకున్న వేగం సరైనదో కాదో, వచ్చే బడ్జెట్‌కు 5 మీటర్లు అడగాలో 6 అడగాలో వాటితోనే తేలుతుంది.